సీఓ అలారం మోగితే ముందు బయటికి రండి

చలి ముదిరింది. తెల్లవారుజామున వేడినీళ్లు లేనిదే ఒంటి మీద చెంబెడు నీళ్లు పోసుకోలేని రోజులివి. అందుకేనేమో ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గ్యాస్ గీజర్ గురించి, ఇంట్లో పెట్టుకునే కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అలారం గురించే ఉన్నాయి. ఆ అలారాన్ని కొందరు సీఓ డిటెక్టర్ అన్నారు, ఒకరైతే 'ఆ తెల్ల డబ్బా' అని రాశారు. ఒకే తరహా ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. ఓనరు బాత్‌రూమ్ లోపలే గ్యాస్ గీజర్ బిగించి ఇచ్చారు. పేపర్లో వార్తలు చదివి భయపడి మా తమ్ముడు ఆన్‌లైన్‌లో సీఓ అలారం కొని పంపాడు. బాత్‌రూమ్‌లోనే పెట్టమంటున్నాడు. అది పెడితే ఇక భయం లేనట్టేనా?

జవాబు: అమ్మా, ముందు గీజర్ సంగతి చూద్దాం, అలారం సంగతి తర్వాత.

మంట సరిగ్గా మండాలంటే గాలిలో ఆక్సిజన్ ఉండాలి. మన ఫ్లాట్లలో బాత్‌రూమ్ ఎంత ఉంటుంది? ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. చలిగాలి కొడుతోందని వెంటిలేటర్ అద్దాలు మూసేస్తాం, కొన్ని ఇళ్లలో అట్టముక్క కూడా అడ్డం పెడతారు, తలుపు గడియ పెట్టుకుని గీజర్ ఆన్ చేస్తాం. పొగగొట్టం లేని గీజర్ అయితే మండగా వచ్చిన గాలంతా ఆ గదిలోనే ఉండిపోతుంది. నీళ్లు పారుతున్నంతసేపూ బర్నర్ ఆక్సిజన్‌ను లాగేస్తుంది, ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ పూర్తిగా మండదు, అలా సగం సగం మండినప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు కూడా రాదు. ఊపిరితో లోపలికి వెళ్లి రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు అక్కడ చోటుండదు. తల దిమ్ముగా అనిపించి, గడియ తీద్దామనుకునేలోపే కాళ్లలో సత్తువ పోతుంది.

ఇది పుస్తకాల్లో చదివి రాయడం లేదు. నాలుగేళ్ల కిందట జనవరిలో మల్కాజిగిరిలో మా అన్నయ్య వాళ్లింట్లో జరిగింది. మా కోడలు పిల్ల స్నానానికి వెళ్లి చాలాసేపయింది. బకెట్ నిండిపోయి నీళ్లు నేల మీద పొర్లుతున్న చప్పుడు ఆగకుండా వస్తుంటే మా వదినకు అనుమానం వచ్చి తలుపు కొట్టింది. పలకలేదు. అన్నయ్య భుజంతో నాలుగుసార్లు గుద్దితే గడియ మేకులతో సహా ఊడింది. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుండిపోయి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, మాట మాత్రం లేదు. పైన గీజర్ కిటికీలోంచి మంట పసుపు రంగులో ఊగుతోంది. ఆ పసుపు మా వదినకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుందట. నీలంగా, నిలకడగా ఉండాల్సిన మంట అలా ఉందంటే గాలి చాలడం లేదనో బర్నర్ మసిపట్టిందనో అర్థం.

దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే వేలికి ఆక్సీమీటర్ పెట్టారు. 98 చూపించింది. ఆక్సిజన్ బాగానే ఉంది, నీరసానికి కళ్లు తిరిగి ఉంటాయి, సెలైన్ పెడదాం అన్నారు. ఇంతలో డ్యూటీ మారి వచ్చిన ఒక డాక్టరమ్మ 'గీజర్ గ్యాస్‌దా, కరెంటుదా?' అని అడిగి, గ్యాస్‌ది అనగానే మాస్కుతో ఆక్సిజన్ పెట్టించి, రక్తానికి కార్బన్ మోనాక్సైడ్ ఎంత పట్టిందో చెప్పే కార్బాక్సీ హిమోగ్లోబిన్ పరీక్ష రాసింది. కోడలు పిల్ల బతికి బయటపడింది. కరోనా తర్వాత మన అందరి ఇళ్లలో ఆక్సీమీటర్లు ఉన్నాయి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మామూలు ఆక్సీమీటర్ రక్తం ఎరుపును చూసి లెక్కేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. 98 చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఆస్పత్రిలో 'గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూమ్‌లో పడిపోయారు' అని మీరే నోరు విప్పి చెప్పండి. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది.

ఇప్పుడు అలారం. బాత్‌రూమ్ లోపల పెట్టకూడదు. ఆవిరికి, తడికి సెన్సర్ పాడవుతుంది, చాలా కంపెనీల మాన్యువల్‌లోనే వద్దని ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఈ అలారాలు గ్యాస్ తగలగానే మోగవు. గాలిలో ఎంత ఉంది, ఎంతసేపటి నుంచి ఉంది అని లెక్కేసుకుని మోగుతాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం 50 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 50 పాళ్ల గ్యాస్) ఉంటే గంట నుంచి గంటన్నర మధ్య, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే మూడు నిమిషాల్లోపు మోగాలి. అమెరికా వాళ్ల యూఎల్ 2034లో అయితే 70కి గంట నుంచి నాలుగు గంటలు, 150కి 10 నుంచి 50 నిమిషాలు, 400కి 4 నుంచి 15 నిమిషాలు. పెద్ద ఇంట్లో మెల్లగా పేరుకునే గ్యాస్‌కు, నిద్రలో ఉన్నవాళ్లను లేపడానికి ఈ లెక్క సరిపోతుంది. చిన్న బాత్‌రూమ్‌లో తలుపేసుకుని తల స్నానం చేస్తున్న మనిషికి ఆ పది నిమిషాలు ఎవరిస్తారు?

కాబట్టి గీజర్‌ను బయటి గాలి ఆడే యుటిలిటీ బాల్కనీలోకి మార్పించి వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తెప్పించండి, లేదా కరెంటు గీజర్ పెట్టించమని ఓనరును అడగండి. అది జరిగేదాకా తలుపు బార్లా తెరిచి బకెట్లు నింపుకుని, గీజర్ ఆపేసి, కాసేపు గాలి ఆడనిచ్చి అప్పుడు స్నానం చేయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అంటారేమో, బయటి గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే అది తిరిగినా పెద్దగా లాభం లేదు. తమ్ముడు పంపిన అలారాన్ని పడకగదుల ముందున్న నడవాలో బిగించండి. అది కూడా అవసరమే, పారేయమనడం లేదు. కానీ దాన్ని చూసుకుని గీజర్‌ను బాత్‌రూమ్‌లోనే ఉంచేస్తే, మీ తమ్ముడు ఏ భయంతో కొన్నాడో ఆ భయం అలాగే ఉన్నట్టు.

ప్రశ్న: మా ఇంట్లో గ్యాస్ గీజర్ లేనే లేదు. అయినా మొన్న కరెంటు పోయి వచ్చిన రాత్రి, రెండు గంటలకు సీఓ అలారం మోగింది. నాలుగు బీప్‌లు, కాస్త ఆగి మళ్లీ నాలుగు. పొయ్యి కూడా ఆపేసే ఉంది. మావారు బ్యాటరీ పీకేసి పడుకున్నారు. హాల్లో ఇన్వర్టర్ పైన గోడకు పెట్టాం. అలారం చెడిపోయినట్టేనా? (నాగోల్ నుంచి)

జవాబు: ఉత్తరం చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చింది. బ్యాటరీ పీకి పడుకోవడం ఇంకెప్పుడూ చేయనివ్వకండి. నాలుగు బీప్‌లు, విరామం, మళ్లీ నాలుగు బీప్‌లు అంటే 'ఇంట్లో గ్యాస్ ఉంది, లేవండి' అని. నిమిషానికోసారి 'కిచ్' మని ఒక్క కూత కూస్తే బ్యాటరీ అయిపోవచ్చిందనో, అలారానికే కాలం చెల్లిందనో అర్థం. చాలా మోడళ్లలో ఇంతే, మీ దాని వెనక ముద్రించినది ఒకసారి చూసుకోండి.

నాలుగు బీప్‌లు వినపడితే పిల్లల్నీ పెద్దల్నీ లేపి, అందరూ బయటికి రండి. మెట్ల దగ్గర కాదు, ఆరుబయటికి. తలలు లెక్కపెట్టుకోండి. దారిలో చేతికందే కిటికీ ఉంటే తెరవండి, లేకపోతే దానికోసం ఆగొద్దు. ఎవరికైనా తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, తడబాటు ఉంటే 108కి ఫోన్ చేయండి. అలారం ఆగిపోయింది కదా అని వెంటనే లోపలికి వెళ్లి పడుకోకండి. మీరు తలుపు తీయడం వల్ల గాలి ఆడి ఆగి ఉండొచ్చు, పుట్టే చోట ఇంకా పుడుతూనే ఉండొచ్చు.

ఇక ఎందుకు మోగిందంటే, మీరు రాసినదాన్ని బట్టి నాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి ఇన్వర్టర్. నీళ్లు పోసే రకం బ్యాటరీ చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, పాతబడి అతిగా చార్జ్ అయ్యే బ్యాటరీ అయితే మరీ ఎక్కువ. సీఓ అలారంలో ఉండే రసాయన సెన్సర్ హైడ్రోజన్‌ను కూడా కార్బన్ మోనాక్సైడ్ అనుకుని మోగుతుంది. కరెంటు పోయి వచ్చాక గంటల తరబడి చార్జింగ్, పైనే అలారం, కాబట్టి లెక్క కుదురుతోంది. అలాగని దీన్ని ఉత్తుత్తి మోత అనుకోకండి. హైడ్రోజన్ నిప్పు తగిలితే పేలుతుంది. బ్యాటరీ డబ్బా పొట్ట ఉబ్బినట్టున్నా, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూపించండి, గాలి ఆడే చోటికి బ్యాటరీని మార్పించండి, అలారాన్ని దానికి దూరంగా వేరే గోడకు పెట్టండి.

రెండోది జనరేటర్, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటే గనక. కరెంటు పోయిన రాత్రి అది నడిచే ఉంటుంది కదా. దాని పొగ మెట్ల మీదుగా, లిఫ్ట్ గుంతలోంచి, బాత్‌రూమ్ డక్ట్‌లోంచి పై అంతస్తులకు పాకుతుంది. అందుకని ఇన్వర్టరే అని మీకు మీరే తేల్చేసుకోకండి. పక్క ఫ్లాట్లవాళ్లకు ఆ రాత్రి తలనొప్పి ఏమైనా వచ్చిందేమో అడగండి.

ప్రశ్న: సీఓ అలారం ఉంటే వంట గ్యాస్ లీకైనా మోగుతుందా?

జవాబు: మోగదు. రెండూ వేర్వేరు. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది, కాబట్టి దాని డిటెక్టర్‌ను కిందికి పెట్టాలి. పైపు ద్వారా వచ్చే గ్యాస్ తేలిక, దాని డిటెక్టర్ పైకప్పు దగ్గర ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలి బరువే ఉంటుంది, గదంతా కలిసిపోతుంది, అందుకే సీఓ అలారం మనిషి ఎత్తులో ఉన్నా సరిపోతుంది. వంట గ్యాస్‌కు వాసన కలిపి పంపుతారు కాబట్టి ముక్కు పట్టేస్తుంది. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఎల్బీ నగర్‌లో మా అపార్ట్‌మెంట్ కమిటీ చూసుకుంటున్నాను. సెల్లార్‌లో జనరేటర్ పక్కన ఉన్న గదిలో వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు ఉంటారు. రాత్రిళ్లు చలికి కుంపటి పెట్టుకుంటున్నారు. వద్దంటే 'పొగ రాదు సార్, బొగ్గులే' అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అడిగినందుకు మీకు దండం పెట్టాలనిపించింది. ఈ నగరంలో సీఓ అలారం అందరికంటే ముందు ఉండాల్సింది అలాంటి గదిలోనే.

పొగ రాదన్నది నిజమే, చిక్కంతా అందులోనే ఉంది. కట్టెలకు పొగ వస్తే మనమే వాటిని బయటికి నెడతాం. బొగ్గు ఎర్రగా కణకణలాడుతూ, పైన తెల్లగా బూడిద పట్టి, వెచ్చగా, బుద్ధిగా కనపడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదిలేవాటిలో అదొకటి. తెల్లవారేదాకా నివురు కింద రగులుతూనే ఉంటుంది. తలుపు సందులో గోనెసంచి కుక్కుకుని పడుకున్న నలుగురికి, అందులో ఇద్దరు పిల్లలకు, మెలకువ కూడా రాదు. చలికి ఇలా బొగ్గులు పెట్టుకుని పడుకుని లేవని కుటుంబాల వార్తలు దేశంలో ఏటా వస్తూనే ఉన్నాయి.

వద్దని చెప్పి వచ్చేస్తే సరిపోదు, వాళ్లకు చలి ఆగదు కదా. నాలుగు మంచి రగ్గులు కొనివ్వండి, సిమెంటు నేల మీద వేసుకోవడానికి మందపాటి పరుపులో, కనీసం చాపల కింద అట్టలో ఇవ్వండి. గదికి బయటివైపు వెంటిలేటర్ కొట్టించండి. జనరేటర్ పొగగొట్టం సెల్లార్‌లోనే ఆగిపోయి ఉంటే దాన్ని టెర్రస్ దాకా పొడిగించే ఖర్చు కమిటీ మీటింగ్‌లో పెట్టండి. కుదిరితే ఆ కుటుంబానికి పై అంతస్తులో గది చూడండి. కార్లు స్టార్ట్ చేసి ఏసీ వేసుకుని సెల్లార్‌లో పది నిమిషాలు ఫోన్ మాట్లాడేవాళ్లుంటారు, వాళ్లకూ చెప్పండి.

మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి ఒక అలారం కొని ఆ గదిలో పెట్టించండి. పెట్టేసి వచ్చేయకండి. టెస్ట్ బటన్ నొక్కి పిల్లలిద్దరికీ ఆ మోత వినిపించండి, ఎటు పరిగెత్తాలో వాళ్లతోనే ఒకసారి నడిపించండి. 'నాలుగుసార్లు మోగితే అందరూ గేటు బయటికి' అని తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి అలారం పక్కనే అంటించండి. డబ్బా మీద ఉండేదంతా ఇంగ్లీషే. అర్ధరాత్రి దాన్ని ఎవరు చదువుతారు?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి రెండు సీఓ అలారాలు తెచ్చాడు. ఒకటి బ్యాటరీది, ఏడేళ్లయింది, బటన్ నొక్కితే ఇప్పటికీ గట్టిగా మోగుతుంది. ఇంకోటి ప్లగ్‌లో పెట్టేది, కొత్తది. రెండూ వాడుకోవచ్చా? (సైనిక్‌పురి నుంచి ఓ పెద్దాయన)

జవాబు: కొత్తదాన్ని ప్లగ్‌లో పెట్టకండి సార్. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి ఇళ్లకోసం చేసింది ఇక్కడ కాలిపోతుంది. ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు.

పాతదాని సంగతి. ఆ బటన్ నొక్కితే తెలిసేది బ్యాటరీ, బజర్, లోపలి సర్క్యూట్ బాగున్నాయని మాత్రమే. గ్యాస్‌ను పట్టాల్సిన సెన్సర్ బతికుందో లేదో సాధారణంగా అది చెప్పదు. సెన్సర్ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ అరిగిపోతుంది. మోడల్‌ను బట్టి ఐదు నుంచి పదేళ్లు. వెనక్కి తిప్పి చూడండి, తయారైన తేదీయో, మార్చాల్సిన తేదీయో అచ్చువేసి ఉంటుంది. దాటితే మోత ఎంత గట్టిగా వచ్చినా తీసేయాల్సిందే. కొత్తది కొన్నప్పుడు ఈఎన్ 50291 లేదా యూఎల్ 2034 అని డబ్బా మీద ఉందో లేదో చూడండి. అవేవీ లేకుండా, పొగ, గ్యాస్, సీఓ అన్నీ ఒక్కటే పట్టేస్తుందని చవకగా అమ్మేవాటి జోలికి నేనైతే పోను. గోడకు పెట్టే రోజున మార్కర్‌తో దాని మీద తేదీ రాయండి.

మిగతాది పెద్ద పనేం కాదు. నెలకోసారి బటన్ నొక్కండి, పింఛను పడే రోజు పెట్టుకుంటే గుర్తుంటుంది. పక్కన బిల్డింగ్ కడుతుంటే ఆ సిమెంటు దుమ్ము రంధ్రాల్లో పేరుకుంటుంది, మెత్తటి పొడిబ్రష్‌తో దులపండి. తడిగుడ్డ, కొలిన్ లాంటి స్ప్రేలు వద్దు. సంక్రాంతికి రంగులు వేయించేటప్పుడు తీసి దాచండి, థిన్నర్ వాసన పోయాక మళ్లీ పెట్టండి. దాని మీదే రంగు పూసేస్తారు కొందరు పెయింటర్లు, చూసుకోండి. పొయ్యికి కనీసం మీటరు దూరం ఉండాలి, కర్టెన్ వెనక, బీరువా చాటున ఉండకూడదు. చాలా మోడళ్లు 38 డిగ్రీల వరకే బాగా పనిచేస్తాయి, కాబట్టి మే నెల ఎండ తగిలే బాల్కనీ గోడ పనికిరాదు.

ప్రశ్న: పది రోజులుగా నాకు, మా అబ్బాయికి, కోడలికి పొద్దున్నే తలనొప్పి, వికారం. కోడలికి ఆరో నెల, ఆమెకే ఎక్కువగా ఉంది. అబ్బాయి ఆఫీసుకు వెళ్లాక తగ్గిపోతోందంటాడు. జ్వరం లేదు. సీఓ అలారం ఉంది, ఒక్కసారీ మోగలేదు. చలి వల్లేనా? (మెహిదీపట్నం నుంచి)

జవాబు: అమ్మా, పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదని, ఉత్తరం అందిన రోజే మీ నంబరుకు ఫోన్ చేశాను. మీకు చెప్పిందే మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, జ్వరం లేకపోవడం, బయటికి వెళ్తే తగ్గడం. ఈ మూడూ కలిస్తే ముందుగా అనుమానించాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌నే. అలారం మోగలేదంటే గ్యాస్ లేదని కాదు. యూరప్ ప్రమాణం ప్రకారం చేసినది 30 పీపీఎం దగ్గర రెండు గంటలైనా మోగకూడదు, అనవసరంగా కంగారు పెట్టకుండా అలా తయారు చేస్తారు. రోజూ కొద్దికొద్దిగా పీల్చే గర్భిణికి, గుండెజబ్బు ఉన్నవారికి అది కూడా మంచిది కాదు. కడుపులో బిడ్డ రక్తంలోకి చేరిన గ్యాస్ తల్లి రక్తంలోంచి పోయినంత త్వరగా పోదు. అందుకే తల్లికి తేరుకున్నట్టు అనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే.

మీ ఇంట్లో గీజర్ వంటగదిలో ఉందని, చలికి ఆ కిటికీ మూసేస్తున్నారని, పొద్దున్నే ముగ్గురి స్నానాలూ వరసగా అవుతాయని ఫోన్లో చెప్పారు. అలారం చూస్తే హాల్లో టీవీ వెనక ఉంది. ఆ రోజే గీజర్ ఆపించాను, కోడలిని కాన్పు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సంగతి మొత్తం చెప్పమన్నాను. మొన్న మీ అబ్బాయి మెసేజ్ పెట్టారు. గీజర్ యుటిలిటీలోకి మారిందట, తలనొప్పులు మళ్లీ రాలేదట, డాక్టరు రక్తపరీక్ష, స్కాన్ చేయించి బిడ్డ బాగానే ఉందన్నారట. టీవీ వెనకున్న అలారాన్ని కూడా పడకగది పక్కకు మార్చేయండి, ఆ ఒక్క పని చేసినట్టు ఆయన రాయలేదు.